కచేరీకి ముందు నెల ఇంటి పాఠాలు ఆపాలా? సంగీతం నేర్పేవారి, నేర్చుకొనేవారి సలహా కావాలి

ఎనభైఎనిమిది మెట్లు (విజయనగరం)

అందరికీ నమస్కారం. నేను పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో పియానో వాయిస్తాను, ఇంటి దగ్గర పాఠాలు చెబుతాను. పదిహేనేళ్లు బయటి ఊళ్లలో చదువుకొని, అక్కడే వాయించుకొని, అమ్మ ఆరోగ్యం కోసం నాలుగేళ్ల క్రితం విజయనగరం తిరిగి వచ్చాను. ఏడాదికి ఆరేడు కచేరీలు ఉంటాయి. అవన్నీ చెన్నై, ముంబయి, కోల్‌కతా వంటి ఊళ్లలోనే జరుగుతాయి. మిగిలిన రోజుల్లో సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా మా ఇంట్లో వంతులవారీగా పద్నాలుగు మందికి నేర్పుతాను. వారిలో అందరికంటే చిన్నపాపకు ఏడేళ్లు, అందరికంటే పెద్దవారికి అరవై మూడు.

రాబోయే సెప్టెంబరులో చెన్నైలో కచేరీ ఉంది. ముగ్గురు యూరోపియన్ స్వరకర్తల రచనలు వాయించాలి: మొదట బాఖ్ ఒకటో పార్టిటా, తర్వాత బీథోవెన్ ఓపస్ 109 సొనాటా, చివర షోపాన్ నాలుగో బల్లాడ్. ఉదయం పూట నాలుగు గంటలసేపు సాధన నాకు చాలుతుంది, అది దొరుకుతుంది కూడా. నా ఇబ్బంది వేళ్లతో కాదు, చెవితో. వరుసగా నాలుగు గంటలు పిల్లల తప్పులు వింటూ, ఒక్కొక్కటీ సరిదిద్దుతూ కూర్చున్నాక, మర్నాడు ఉదయం నా వాయిద్యం నాకు సరిగా వినపడదు. ఏ స్వరం ఎంత బరువుగా పడిందో, పెడల్ ఎక్కడ ఆలస్యమైందో పట్టుకొనే శక్తి మొద్దుబారుతుంది.

పోయిన ఫిబ్రవరిలో ఇలాగే కచేరీకి ముందు నెల రోజులు పాఠాలు ఆపాను. కచేరీ బాగా జరిగింది. తిరిగి వచ్చేసరికి ముగ్గురు పిల్లలు చేతులు పెట్టే తీరు పూర్తిగా మారిపోయింది, మణికట్టు బిగిసిపోయింది. ఒక అబ్బాయి మళ్లీ రానే లేదు. వాళ్ల నాన్నగారిని తప్పుపట్టలేను. నెల రోజులు తాళం వేసి ఉన్న తలుపు దగ్గరికి పిల్లవాడిని ఎవరు తీసుకువస్తారు? ఈసారి ఏమి చేయాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను. కచేరీలు చేస్తూ పాఠాలు చెప్పేవారు, మీ వాయిద్యం ఏదైనా సరే, దయచేసి మీ అనుభవం చెప్పండి.

పనసకర్ర (బొబ్బిలి)

అమ్మా, నమస్కారం. మాది వీణ. మీ పేరు చూడగానే దగ్గరితనం కలిగింది. మా వీణకు మెట్లు ఇరవై నాలుగు, మైనం మీద కూర్చుంటాయి. వాటి మీద వేలు ఉంచి తీగను పక్కకు లాగితే మీటిన తర్వాత కూడా స్వరం మా చేతిలోనే ఉంటుంది. మీ మెట్టు నొక్కిన క్షణంలోనే లోపలి సుత్తి తీగను తాకి వెనక్కి వచ్చేస్తుందని, ఆ తర్వాత ఆ నాదాన్ని వంచడానికి ఏమీ ఉండదని విన్నాను. అంటే మీరు చేయవలసిన నిర్ణయమంతా మెట్టు దిగకముందే చేయాలి. అటువంటి వాయిద్యానికి చెవి అలసిపోవడం ఎంత నష్టమో అర్థం చేసుకోగలను.

మా దగ్గర నేర్చుకోవడమంటే పాఠం చెప్పే గంట ఒక్కటే కాదు. మా గురువుగారు తెల్లవారుజామున సాధన చేసుకొంటుంటే మేము గోడకు ఆనుకొని కూర్చునేవాళ్లం. ఆయన మాతో మాట్లాడేవారు కారు. వర్ణం అనే రచనలో చిట్టస్వరమనే స్వరాల ముక్కను మొదట విళంబంలో, అంటే నెమ్మదిగా, తర్వాత రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంతో, ఎక్కడో అనుమానం వస్తే మళ్లీ విళంబంలో వాయించుకొనేవారు. అది చూసే నేను సాధన ఎలా చేయాలో నేర్చుకొన్నాను. ఏమి వాయించాలన్నది మాత్రం పాఠంలో నేర్చుకొన్నాను. మీరు ఉన్న ఊరిలోనే 1919లో సంగీత కళాశాల మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వేంకటస్వామినాయుడుగారు అదే ఏడు వయొలిన్ నేర్పడానికి చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఇద్దరూ దేశమంతటా కచేరీలు చేసినవారే, నేర్పినవారే. అందుచేత నా మాట ఏమిటంటే, పాఠాలు ఆపకండి, మాట్లాడటం ఆపండి. ఆ నెల రోజులు పిల్లలను మీ సాధనలో కూర్చోబెట్టండి.

ఫిడేలు వీధి (విజయనగరం)

పనసకర్రగారి మాట మీద ఎంతో గౌరవం ఉంది కాని, ఇక్కడ నేను ఒప్పుకోలేను. గురువుగారి ఇంట్లో ఉంటూ ఏళ్ల తరబడి విన్న శిష్యుడు వేరు, వారానికి ఒకసారి ముప్పావు గంటకు బడి సంచీతో వచ్చే మూడో తరగతి పిల్ల వేరు. ఆ పిల్ల వాయించడానికి వస్తుంది. చేతులు కట్టుకొని కూర్చోమంటే రెండో వారానికే విసుగు పుడుతుంది. పైగా తల్లిదండ్రులు ఫీజు ఇస్తున్నారు, ఇది చిన్న విషయం కాదు. నేను వయొలిన్‌లో సర్టిఫికెట్, డిప్లొమా రెండూ చేసి పన్నెండేళ్లుగా నేర్పుతున్నాను కాబట్టి ఈ లెక్క నాకు బాగా తెలుసు.

మీ సంప్రదాయంలోని పెద్దలనే చూడండి. ఈ ప్రశ్నకు వాళ్లెవరూ ఒకే జవాబు ఇవ్వలేదు. కార్ల్ చెర్నీ బీథోవెన్ శిష్యుడు, ఫ్రాంజ్ లిస్ట్‌కు గురువు. ఆయన వేదిక మీద వాయించడం దాదాపు వదులుకొని రోజుకు పది, పన్నెండు పాఠాలు చెప్పారు. షోపాన్ ప్యారిస్‌లో పాఠాల మీదనే బతికారు. జీవితం మొత్తంలో ఆయన చేసిన బహిరంగ కచేరీలు ముప్పై చిల్లర అంటారు. పియానో విద్వాంసురాలు క్లారా షూమన్ పదకొండేళ్ల వయసులో లైప్‌త్సిగ్‌లో సొంతంగా కచేరీ ఇచ్చి, అరవై ఏళ్లకు పైగా వేదిక మీద ఉండి, 1878 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ కన్సర్వేటరీలో నేర్పారు. అయితే ఆమె శిష్యులు అప్పటికే వాయించడం వచ్చినవారు, ఏడేళ్ల పిల్లలు కారు. మీరు ముందుగా తెలియజేసి మూడు వారాలు సెలవు ప్రకటించి, ఆ నెల ఫీజు తీసుకోకుండా ఉండటమే నిజాయితీ అని నా అభిప్రాయం. అబ్బాయి మానేయడానికి కారణం సెలవు కాకపోవచ్చు, చెప్పకుండా పెట్టిన సెలవు కావచ్చు.

శ్రుతి సవరణ (విశాఖపట్నం)

నేను పియానోలు శ్రుతి చేసేవాడిని. మా నాన్న దగ్గర నేర్చుకొని ముప్పై ఏళ్లుగా ఇదే వృత్తిలో ఉన్నాను. చెవి అలసటకు ఇంకొక కారణం ఉండవచ్చు, దానిని ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి రాస్తున్నాను.

పియానోలో దాదాపు 230 తీగలు ఉంటాయి. మెట్లు 88 అయినా, మధ్య స్థాయి నుంచి పైకి ఒక్కొక్క మెట్టుకు మూడేసి తీగలు. ఆ మూడూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిస్తేనే నాదం ఒక్కటిగా వినిపిస్తుంది. ఈ తీగలన్నీ కలిసి పదిహేను, ఇరవై టన్నుల బరువుతో లాగుతుంటాయి. ఆ లాగుడంతా లోపలి ఇనుప చట్రం మోస్తుంది, నాదాన్ని పెంచేది మాత్రం తీగల వెనుక ఉండే స్ప్రూస్ చెక్క పలక. మన ఉత్తరాంధ్రలో జూన్ నుంచి గాలిలో తేమ పెరుగుతుంది. పలక ఆ తేమను పీల్చి ఉబ్బుతుంది, దాని మీద తీగలను మోసే చెక్క వంతెన పైకి లేస్తుంది, తీగలు మరింత బిగుస్తాయి. శ్రుతి పెరుగుతుంది. అన్ని స్థాయిల్లో ఒకేలా పెరిగితే కొంత సర్దుకోవచ్చు, కాని మధ్య స్థాయి ఎక్కువగా పెరుగుతుంది, అడుగు స్థాయి అంతగా కదలదు. వాయించేవారికి ఎక్కడ తప్పుందో తెలియదు, ఏదో సరిగా లేదన్న చికాకు మాత్రం ఉంటుంది. రోజంతా అటువంటి శ్రుతిలో పాఠం చెప్పి, దాని మీదే సాధన చేస్తే చెవి అలసిపోదా?

చాలా ఇళ్లలో చూసే పొరపాటు ఒకటి చెబుతాను. పిల్లలు వస్తారని సాయంత్రం ఏసీ వేస్తారు, వాళ్లు వెళ్లగానే ఆపేస్తారు. పలక నాలుగు గంటలు ఎండి ఇరవై గంటలు తడుస్తుంది. దానికంటే ఏసీ అసలు లేకుండా గాలి ఆడే గది నయం. కిటికీకి, బయటి గోడకు దూరంగా పెట్టండి. గదిలో తేమ నిలకడగా ఉండేట్లు చూడండి, అది ఎంత అన్నదాని కంటే మారకుండా ఉండటం ముఖ్యం. పద్నాలుగు మంది వాయించే పియానోలో సుత్తుల మీది ఉన్ని ఫెల్టు కూడా గట్టిపడి గాట్లు పడుతుంది, నాదం రేకు మీద కొట్టినట్లు అవుతుంది. కచేరీకి మూడు వారాల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి శ్రుతి చేయించండి. చెన్నై వేదిక మీద మీకు దొరికే పియానో మామూలుగా 440 హెర్ట్జ్ ప్రామాణిక శ్రుతికి ఉంటుంది. మీ చెవి ఇంట్లో ఇంకొక శ్రుతికి అలవాటు పడి వెళ్లకూడదు.

ఆమదాలవలస అమ్మ (శ్రీకాకుళం జిల్లా)

నాకు సంగీతం రాదు. మా అమ్మాయి ఆదివారం పూట ఈ మేడమ్ దగ్గరే నేర్చుకొంటోంది. మేడమ్ ఎవరో ఇక్కడ నాకు తెలియనట్లు రాయడం బాగుండదు, అందుకే చెప్పేస్తున్నాను. ఫిడేలు వీధిగారు పిల్లలు ఊరికే వినరని రాశారు. పోయిన జనవరిలో జరిగినది చెబుతాను.

ఆ రోజు మా రైలు సమయానికి వచ్చింది. ఎప్పుడూ ఆలస్యమే కాబట్టి మేము దానికి తగ్గట్లే బయలుదేరుతాం, ఆ రోజు గంట ముందే చేరిపోయాం. లోపల మేడమ్ వాయించుకొంటున్నారు. తలుపు తట్టడం ఇష్టంలేక అరుగు మీద కూర్చున్నాం. పాట ఏదీ రావడం లేదు. ఎడమచేతితో ఒక చిన్న ముక్క, అది కూడా ఎంతో నెమ్మదిగా, మళ్లీ మళ్లీ అదే. నాకైతే ఏదో పాడైందేమో అనిపించింది. మా పాప వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై ఏడు సార్లు వాయించిన తర్వాత కుడిచెయ్యి కలిసింది. అప్పుడు ఒక్కసారిగా అది పాట అయింది. పాప నా చెయ్యి పట్టుకొని, "అమ్మా, మేడమ్‌కి కూడా రాదా?" అని అడిగింది.

అంతకుముందు ఇంట్లో మా పాప ఏ పాటనైనా మొదటి నుంచి మొదలుపెట్టేది, ఒకే చోట తడబడేది, ఏడుపుముఖంతో మళ్లీ మొదటికి వెళ్లేది. ఆ వారం నేను వంటింట్లో ఉండగా ఎడమచేతి ముక్క ఒక్కటే, నెమ్మదిగా వినిపించింది. ఎవరూ చెప్పలేదు. నేను ఫీజు ఇచ్చేది దీనికోసమే అనుకొంటాను. పాఠం బదులు మేడమ్ సాధన వినమంటే మేము తప్పకుండా వస్తాం.

అరవై దాటాక (విజయనగరం)

పోస్టులో చెప్పిన అరవై మూడేళ్ల విద్యార్థిని నేనే. బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించిన తర్వాత మొదలుపెట్టాను. పెద్దల పాఠాలు మొదట ఆపండి, మాకు నష్టం లేదు. నాకు నెల రోజులు ఒక్కడినే సాధన చేయగల ఓపిక ఉంది, చిన్నపిల్లలకు ఉండదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మొదటి నెలలో నాకు సి మేజర్ స్కేలు, అంటే అన్నీ తెల్ల మెట్లే ఉన్న స్వరాల వరుస, రాలేదు. బొటనవేలు అడ్డం వచ్చేది. మేడమ్ దానిని పక్కన పెట్టి బి మేజర్ నేర్పారు. ఐదు నల్ల మెట్లున్న ఆ స్కేలు చూసి భయపడ్డాను, తీరా చెయ్యి పెడితే పొడుగు వేళ్లు నల్ల మెట్ల మీద, పొట్టి వేళ్లు తెల్ల మెట్ల మీద వాటంతట అవే కూర్చున్నాయి. షోపాన్ తన శిష్యులకు ఇలాగే మొదలుపెట్టేవారని తర్వాత చెప్పారు. కచేరీలు చేసేవారి దగ్గర నేర్చుకొంటే ఈ లాభం ఉంటుంది. వారి చేతికి తెలిసినది మన చేతికి నేరుగా వస్తుంది. ఆ చెయ్యి కచేరీలు మానేస్తే మాకు కూడా నష్టమే.

ఎనభైఎనిమిది మెట్లు

ఇంత ఆప్యాయంగా, ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఆమదాలవలస అమ్మగారూ, ఆ అరుగు సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. ఆ ఇరవై ఏడు సార్లు వాయించినది బల్లాడ్ చివర ఉన్న కష్టమైన ఘట్టంలోని ఒక గతి, అంటే తాళంలో ఒక ఆవర్తం లాంటి చిన్న ముక్క. పాపకు చెప్పండి, నిజంగానే నాకు అప్పటికి అది రాదు.

శ్రుతి సవరణగారూ, మీరు చెప్పిన ఏసీ పొరపాటు సరిగ్గా నేను నాలుగేళ్లుగా చేస్తున్నదే. ఈ వారం నుంచి మానేశాను, పియానోను లోపలి గోడ వైపు జరిపించాను.

ఫిడేలు వీధిగారూ, మీ మాటలో న్యాయం ఉంది. ముందుగా చెప్పకపోవడం నా తప్పే, ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పి వచ్చాను. అయితే మీ జాబితాలోని షోపాన్ గురించే ఇంకొకటి చదివాను. కచేరీకి ముందు రెండు వారాలు తలుపు వేసుకొని, తాను వాయించబోయే తన రచనలు పక్కన పెట్టి, బాఖ్ వాయించుకొనేవాడినని ఆయన ఒక శిష్యుడితో అన్నట్లు ఆ శిష్యుడు రాశారు. ఈ మాటను చాలాకాలం వేళ్ల వ్యాయామంగా అర్థం చేసుకొన్నాను. ఇప్పుడు అది చెవి కోసమేమో అనిపిస్తోంది. బాఖ్ రచనలో రెండు మూడు గొంతులు ఒకేసారి నడుస్తాయి, ప్రతి గొంతునూ విడిగా వింటేనే చెయ్యి కదులుతుంది. నా విద్యార్థుల్లో ఐదుగురు ఇప్పుడు బాఖ్ రాసిన ఇన్వెన్షన్లు అనే చిన్న రచనల్లోనే ఉన్నారు. ఆయన వాటిని తన పెద్దకొడుకుకు నేర్పడానికే మొదలుపెట్టారు, 1723లో శుభ్రంగా తిరగరాసి, రెండు గొంతులను స్పష్టంగా వాయించడం నేర్చుకోవడానికని మొదటి పుటలోనే పెట్టారు. అంటే ఆ ఐదుగురి పాఠాలు నా చెవిని అలసిపోనివ్వవు, పదును పెడతాయి. నన్ను అలసిపోయేట్లు చేసేది గ్రేడు పరీక్ష పాఠాలు.

ఆ విషయం కూడా దాచకుండా చెబుతాను. లండన్ సంస్థలు ట్రినిటీ అయినా, ఏబీఆర్‌ఎస్‌ఎం అయినా, అవి పెట్టే పరీక్షలు చెడ్డవి కావు. ఎనిమిది గ్రేడుల మెట్ల వరుస పిల్లలకు ఒక దారి చూపుతుంది. కాని ఇంట్లోవాళ్లు తొందరపడితే పిల్లలు ఏడాదంతా పరీక్షకు పెట్టిన మూడు రచనలు తప్ప ఇంకేమీ వాయించరు. అదే మూడు, అవే తప్పులు, వారాల తరబడి. కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలైన సరళీవరుసలు, జంటవరుసలు, అలంకారాలు దాటకుండా నేరుగా కృతికి వెళ్లిన వారిని పనసకర్రగారు చూసే ఉంటారు.

పనసకర్ర

చూశానమ్మా. వాళ్లను తిరిగి మాయామాళవగౌళ రాగంలో మొదటి కాలానికి దించడానికి ఎంత బతిమాలాలో కూడా తెలుసు. పరీక్షను ఆరు నెలలు వాయిదా వేయమని తల్లిదండ్రులను ధైర్యంగా అడగండి. అడిగితే ఒప్పుకొనేవారే ఎక్కువ.

ఫిడేలు వీధి

మీ జవాబు చదివాక నా అభిప్రాయం కొంత మార్చుకొంటున్నాను, కాని ఫీజు విషయంలో మార్చుకోను. సాధన వినడానికి వచ్చిన వారాలకు సగం ఫీజు తీసుకోండి. పూర్తిగా తీసుకొంటే కొందరు నోరు విప్పి అడగలేక బాధపడతారు. అసలు తీసుకోకపోతే వినడం పాఠం కాదని పిల్లలే అనుకొంటారు. ఒక్కొక్కరిని ఇరవై నిమిషాలకు మించి కూర్చోబెట్టకండి, చేతిలో పెన్సిలు, ముందు మీరు వాయిస్తున్న నొటేషన్ ఉంచండి. చెయ్యి ఖాళీగా ఉంటేనే పిల్లలకు విసుగు.

ఎనభైఎనిమిది మెట్లు

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. సగం ఫీజు, ఇరవై నిమిషాలు, పెన్సిలు, మూడూ ఫిడేలు వీధిగారు చెప్పినట్లే అమలు చేశాను. అరవై దాటాకగారు తన వంతును పిల్లలకు ఇచ్చారు. గ్రేడు పరీక్షకు వెళ్లవలసిన నలుగురిలో ముగ్గురి తల్లిదండ్రులు వాయిదాకు ఒప్పుకొన్నారు, ఒకరు ఒప్పుకోలేదు, ఆ అమ్మాయికి మాత్రం మామూలు పాఠమే చెబుతున్నాను. ఇద్దరు పిల్లలకు వినడం నచ్చలేదు. వాళ్లను బలవంతపెట్టలేదు.

పోయిన గురువారం జరిగినది మీకు చెప్పాలి. బీథోవెన్ 1820లో రాసిన ఆ ఓపస్ 109లో మూడో భాగం ఒక పాటలాంటి స్వరకల్పనతో మొదలవుతుంది. పదహారు గతులు, ఎనిమిదేసి గతుల రెండు సగాలు, ప్రతి సగాన్నీ రెండుసార్లు వాయించాలి. దాని మీద ఆరు వేరియేషన్లు, అంటే ఆ పాటకే ఆరు మార్పు రూపాలు, నడుస్తాయి. ఆరోది చివరకు వచ్చేసరికి ఒకే స్వరం చుట్టూ వేళ్లు ఆగకుండా కంపిస్తూ పై స్థాయికి వెళ్లి, క్రమంగా దిగి, మొదటి పాట మళ్లీ వస్తుంది. ఆ రోజు పదేళ్ల అమ్మాయి నా పక్కన కూర్చొని నొటేషన్ మీద పెన్సిలు జరుపుతోంది. అంతా అయ్యాక పెన్సిలు మొదటి పుటకు, చివరి పుటకు మార్చి మార్చి పెట్టి, "మేడమ్, మొదట్లో రెండేసి సార్లు కదా, చివర్లో ఒక్కసారే ఎందుకు?" అని అడిగింది.

ఆ రచన నా దగ్గర పదకొండేళ్లుగా ఉంది. చివర పునరావృత్తి గుర్తు లేదని నాకు తెలుసు, వాయించేటప్పుడు అలాగే వాయిస్తాను. కాని ఎందుకని ఎన్నడూ అడగలేదు. ఆ పాపకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేక, మళ్లీ వాయించి చూద్దామన్నాను. మొదటిసారి పాటను ఎప్పటిలాగే వాయించాను. ప్రతి సగం తిరిగి వస్తుందని తెలుసు కాబట్టి చేతిలో తొందర లేదు. చివర వచ్చినప్పుడు ప్రతి గతీ మళ్లీ రాదని తెలిసి వాయించాను. వేగం మారలేదు, బలం మారలేదు, అయినా ఎడమచేతి అడుగు స్వరాలను వదలడానికి నా వేళ్లు ఒప్పుకోలేదు. అప్పటిదాకా రెండు చోట్లా ఒకేలా వాయించేదానిని. పాప ఏమీ అనలేదు, చివరి పుట మీద పెన్సిలుతో చిన్న గీత గీసింది. ఆ గీతను చెరపలేదు, ఆ పుస్తకమే చెన్నైకి తీసుకువెళ్తున్నాను.

శ్రుతి సవరణగారూ, మీరు నిన్న చేసి వెళ్లిన శ్రుతి ఈ ఉదయానికి చెక్కుచెదరలేదు. శనివారం రాత్రి రైలుకు బయలుదేరుతున్నాను. బుధవారం సాయంత్రం నాలుగు గంటల నుంచి పాఠాలు మామూలుగా ఉంటాయి. ఆమదాలవలస అమ్మగారూ, ఈ ఆదివారం పాపకు పాఠం ఉండదు. వచ్చే ఆదివారం రైలు సమయానికి వస్తే అరుగు మీద కూర్చోవద్దు, నేరుగా లోపలికి రండి.